అడిగెటోడు

ఇంకో మొద్దు జరుపు బిడ్డా మంటలకు. నాగోబా జాతర దగ్గరపడ్డదంటే ఆదిలాబాద్ సలి ఇట్లనే కొరుకుతది. దగ్గరికి జరిగి కూసో. ఆ ఫోను జర పక్కకు పెట్టు, దాని ముచ్చటనే చెప్త.

నువ్వు పుస్తకాలు రాసినోళ్లను, పెద్ద సదువులు సదివినోళ్లను కూసోబెట్టి ముచ్చట పెట్టిస్తున్నవట. పాడ్‌కాస్ట్ అంటరట గదా దాన్ని. మీ అక్క నిన్న నాకు రెండు ఇనిపించింది. మస్తు సంబురమైంది నాకు. ఈ పని ఇంక నడుస్తున్నది, మా ఇంట్లనే నడుస్తున్నది అనుకున్న. గని ఒక్కటి సూసిన. అచ్చినాయన జర ఆగిండంటే సాలు, నువ్వు ఉరికి ఇంకోటి అడుగుతున్నవు. ఆయన మాట అయిపోయి ఆగలే బిడ్డా, లోపల దేవులాడుకుంటున్నడు. మనిషి దేవులాడుకునేటప్పుడు అడ్డం పోవద్దు. ఇది నాకు ఎక్కడ తెలిసిందో చెప్పాలంటే మొదటికెళ్లి రావాలె.

మాది జగిత్యాల పక్కకు పల్లె. నేను పుట్టేనాటికి మా ఊర్లె రేడియో లేదు. హైద్రాబాద్ల మటుకు ఎప్పుడో అచ్చింది. మహబూబ్ అలీ అని ఒకాయన 1933ల సొంతంగ రెండు వందల వాట్ల చిన్న మిషన్ తోటి మొదలువెట్టిండు. 1935ల నిజాం సర్కారు దాన్ని తన చేతులకు తీసుకున్నది. దక్కన్ రేడియో అని మా నాయినోళ్లు అనేది దాన్నే. అండ్ల ఉర్దూనే ఎక్కువ, తెలుగు ఉండీ లేనట్టు. 1948 సెప్టెంబరు 17 నాడు నిజాం లొంగిపోయిన మాట గూడ జగిత్యాలల ఒక సావుకారి ఇంట్ల రేడియోలనే తెలిసిందట. వాకిట్ల నిలవడి ఇన్నోళ్లు ఇంటింటికి తిరిగి తెలుగుల చెప్పుకుంట పోయిన్రని మా నాయిన చెప్పేటోడు. 1950 ఏప్రిల్ 1 కెళ్లి హైద్రాబాద్ స్టేషను ఆలిండియా రేడియోల కలిసింది.

మా ఊరికి పంచాయతి రేడియో అచ్చేసరికి నేను బడికి పోతున్న. చావడిల పెట్టె, చావడి మీద మైకు. పొద్దుగూకినంక గ్రామస్థుల కార్యక్రమం పెడితే ఊరు ఊరంత అరుగుల మీదికి అచ్చి కూసునేది. ఎవుసం, ధరలు, వార్తలు, నడుమల ఒక పాట. దాని ముచ్చట గంతే. అసలు ముచ్చట మా ఇంట్లకు రేడియో అచ్చినంక మొదలైంది.

1968ల నాకు సర్కారు బడిల నౌకరి దొరికింది. మొదటి జీతాల్లకెళ్లి కూడబెట్టి ఒక ట్రాన్సిస్టర్ కొన్న. గప్పుడు రేడియో ఉంటే పోస్టాఫీసుల లైసెన్సు కట్టాలె. ఏడాదికి పదిహేను రూపాయలు కట్టి పుస్తకంల ముద్ర ఏపించుకోవాలె. నాకోసం కొనలే, మా అవ్వకోసం కొన్న. మా అవ్వ బీడీలు చేసేది. ఒక్క అక్షరం రాదు. చాట ఒళ్లె పెట్టుకొని, తునికాకు కత్తిరించుకొని, తంబాకు పోసి, దారం సుట్టుకుంట పొద్దంత రేడియో ఇనేది. పొద్దుగాల భక్తిరంజని, పగటీలి స్త్రీల కార్యక్రమం, ఉషశ్రీ రామాయణం. కార్మికుల కార్యక్రమంల చిన్నక్క, ఏకాంబరం మాట్లాడుకుంటుంటే మా వాడకట్టు ఆడోళ్లందరు బీడీల చాటలు పట్టుకొని మా కాడికే అచ్చేటోళ్లు. సిలోను రేడియోల మీనాక్షీ పొన్నుదొరై తెలుగు పాటలు ఏసుడు సుత తప్పకపోయేది.

వీటన్నిటి నడుమ, రచయితలను పిలిచి మాట్లాడిపిచ్చే కార్యక్రమాలు అచ్చేవి. ఒకనాడు కవి, ఒకనాడు చరిత్ర పండితుడు, ఒకనాడు సంగీతం తెలిసినాయన. మా అవ్వ అవి బంద్ చెయ్యకపోయేది. ఏమర్థమైతది అవ్వా నీకు అంటే, ‘మాటలు అర్థం గాకున్న మనిషి అర్థమైతడు రా’ అనేది. నిజంగనే అర్థమయ్యేటోళ్లు. కాయితం సూసి సదివేటోణ్ని రెండు మాటలల్లనే పట్టేది. ‘ఈయన ఆకు తడపకుంటనే బీడీ సుడుతున్నడు’ అనేది. నీకు తెల్వదేమో, తునికాకు నానవెట్టకపోతే సుట్టంగనే పటుక్కున పలుగుతది.

మా అవ్వ అన్నదాంట్ల అబద్ధం లేదు. ఆ రోజులల్ల రేడియోకు పోవాలంటే ప్రసంగం ముందుగాల రాసి పంపాలె. వాళ్లు సూసి, కొట్టేసేది కొట్టేసి, ఇన్ని నిమిషాలు అని లెక్కగట్టి, ఒప్పందం కాయితం మీద సంతకం పెట్టిపిచ్చుకునేటోళ్లు. ఇద్దరు కూసొని మాట్లాడుకునే ముచ్చటకు సుత శానసార్లు ప్రశ్న, జవాబు రెండూ రాసిపెట్టేటోళ్లు. సర్కారు రేడియో గదా, ఒక్క మాట అటిటు అయితే జవాబు చెప్పాలె. నేను గూడ బడుల ముచ్చట మాట్లాడనీకి పోయిన గన్క ఎర్కే. లోపటి గదికి రెండు తలుపులు. సప్పుడు గోడకు తగిలి మళ్ల రాకుంట గోడలు కట్టి ఉంటయి. కాయితాలకు పిన్ను కొట్టనియ్యరు, ఒక్కొక్కటి సదివి సప్పుడు గాకుంట పక్కకు జరుపాలె. అద్దం అవుతల కూసున్నాయన సెయ్యి ఊపుతడు, ఎర్రలైటు ఎలుగుతది, ఇగ నీ గొంతు నీది గాదు. ఎంతటి పండితుడైనా ఆ లైటు ఎలుగంగనే బిగుసుకపోతడు.

గందుకే అడిగెటోడు కావాలె బిడ్డా. బిగుసుకపోయినోణ్ని ఇప్పెటోడు కావాలె. మంచిగ అడిగెటోడు కాయితం మీద లేనిది ఒక్కటి అడిగేటోడు. మీ ఊర్ల చెరువు పేరేంది, మీ అమ్మ ఏం పాట పాడేది అని. అప్పుడు ఆ పండితుని గొంతు మారేది. మా అవ్వ చేతిల బీడీ ఆగేది. ‘ఇగో ఇప్పుడు మాట్లాడుతున్నడు సూడు’ అనేది.

హైద్రాబాద్ రేడియోల ఆ కుర్చీలల్ల కూసున్నోళ్లు సామాన్యులు గారు. దాశరథి కృష్ణమాచార్య ఆకాశవాణిల పనిచేసిండు. నిజామాబాద్ జైలుల ఉండి అచ్చిన మనిషి, గాలిబును తెలుగు చేసిన మనిషి. రావూరి భరద్వాజ 1959 కెళ్లి 1987 దాక అండ్లనే ఉన్నడు. ఏడో తరగతి దాటని సదువు ఆయనది. హోటళ్లల్ల, ప్రెస్సులల్ల పనిచేసి అచ్చినాయన. ఎంతమంది గొప్పోళ్ల మాట ఆ మిషన్లకు ఎక్కుతుంటే సూసిండో! 2012 సంవత్సరానికి ఆయనకే జ్ఞానపీఠం అచ్చింది. బతుకు తెలిసినోళ్లు అవుతల కూసుంటె ఇవుతలోడు నోరిప్పుతడు. నువ్వు గీ సంగతి యాదిల పెట్టుకో. పది పుస్తకాలు సదివి పోతే సరిపోదు.

మన కరీంనగర్ల గూడ ఒక పెద్దాయన ఉండిపోయిండు, ఎర్కేనా? విశ్వనాథ సత్యనారాయణ. 1959 కెళ్లి 1961 దాక కరీంనగర్ సర్కారు కాలేజికి ప్రిన్సిపాలు. ఆయన పోయినంక నేను అండ్ల సదివిన. ఆయన పాఠాలు ఇన్న పై క్లాసోళ్లు ఆయన ముచ్చట చెప్పుడు ఆపకపోయేటోళ్లు. 1970 జ్ఞానపీఠం ఆయనకని రేడియో వార్తలల్ల ఇన్ననాడు, మా ప్రిన్సిపాలుకు అచ్చింది అని ఊర్లె చెప్పుకున్నం. ఆయన ‘వేయిపడగలు’ నవలను హిందీ చేసిన పి.వి. నరసింహారావు గూడ మనోడే, వంగరాయన. ఇగ సినారె. హనుమాజీపేట పిలగాడు, ఉర్దూ మీడియంల సదివి తెలుగుకు అంత కవి అయిండు. రేడియోల ఆయన గొంతు ఇనవడితే మా అవ్వ మొకం ఎలిగేది. ఆమెకు కవిత్వం తెల్వదు. మానేరు దిక్కు మనిషి రేడియోల మాట్లాడుతున్నడు, గదే ఆమె సంబురం.

ఆ సంబురం ఎనుక ఒక బాధ గూడ ఉండె బిడ్డా. అది నీకు చెప్పకపోతే ముచ్చట సగమే అయితది. సాహిత్యం ముచ్చట అచ్చిందంటే రేడియోల మా మాట ఇనవడకపోయేది. మా అవ్వ మాట్లాడే మాట, ఈ మంట కాడ నేను మాట్లాడుతున్న మాట, నాటికలల్ల, సినిమాలల్ల నౌకరు నోట్ల నవ్వించేటందుకు అచ్చేది. మన దిక్కు కెళ్లి పోయినోళ్లు సుత మైకు ముంగట కూసోంగనే ఇంట్ల భాష ఇంట్ల పెట్టి, ఇంకో భాష తొడుక్కొని మాట్లాడేటోళ్లు. మా అవ్వ అడిగింది ఒకసారి: ‘మనోళ్లల్ల తెలివిగలోళ్లు లేరా కొడుకా, ఎవలు మనలెక్క మాట్లాడరేంది?’ నేనేం చెప్పాలె? తెలివిగలోళ్లు మస్తు మంది ఉన్నరు. ఒగ్గు కథ చెప్పేటాయన రాత్రంత కాయితం లేకుంట చెప్తడు. సిరిసిల్ల సాలోళ్లకు బట్ట లెక్క, రంగు లెక్క నోటికే ఉంటది. ఆళ్లను పిలిచి కూసోబెట్టి, ఇదెట్ల చేస్తవు, ఎవరు నేర్పిన్రు, ఎందుకు గిట్లనే చేస్తవు అని అడిగెటోడు లేకుండె. పాట పాడిపిచ్చుకునేటోళ్లు. పాటగానితోని ముచ్చట పెట్టకపోయేటోళ్లు. ఈ రెండింటికి ఎంత తేడా ఉన్నదో ఆలోచన చెయ్యి.

గప్పుడు నన్ను ఉట్నూరు దిక్కు బదిలీ చేసిన్రు. గోండు గూడేలల్ల బడి. పోయిన కొత్తల నాకు వాళ్ల మాట తెల్వది, పిలగాండ్లకు నా మాట తెల్వది. ఏండ్లు గడిచినంక గోండీ అచ్చింది. అక్కడనే నాకు తెలిసింది, మా కరీంనగరోళ్ల బాధ గోండోళ్ల బాధ ముంగట ఎంత చిన్నదో. మా మాట రేడియోల నవ్వులకైనా అచ్చేది. వాళ్ల మాట అసలు లేనే లేదు.

గోండోళ్ల కోసం పోరాడిన కుమ్రం భీము 1940ల జోడెఘాట్ల సచ్చిపోయిండు. లెక్కజూడు. హైద్రాబాద్ల సర్కారు రేడియో మొదలై అప్పటికి ఐదేండ్లు. భీము జోడెఘాట్ల జమకూడినప్పుడు ఏం కావాలె నీకు, ఎందుకు పోరాడుతున్నవు అని ఒక్కడు మైకు తీసుకొని పోయి ఉంటే? పోలే. తుపాకులు పోయినయి. ఆయన గొంతు ఎట్లుండేదో ఈ దునియల ఎవరికి తెల్వది. ఆయన పోయినంక నిజాం సర్కారుకు ఇక్కడ ఏం జరిగిందో తెలుసుకోవాలనిపించింది. గప్పుడు అచ్చిండు ఆదివాసుల బతుకుల మీద పరిశోధన చేసే హైమండార్ఫ్ దొర. వియన్నా కెళ్లి అచ్చిన మనిషి. యుద్ధం కాలంల జర్మనీ పాస్‌పోర్టు ఉండబట్టి నిజాం రాజ్యం దాటి పోనియ్యలే ఆయనను. మార్లవాయిల గుడిసె ఏసుకొని, పెండ్లాం తోటి ఉండుకుంట, గోండీ నేర్చుకొని ఒక్కొక్కళ్లను కూసోబెట్టి అడిగిండు. భూమి ఎట్ల పోయింది, దేవుడు ఎట్ల పుట్టిండు, సగ అంటే ఏంది. 1943ల మార్లవాయిల గోండు పంతుళ్లను తయారు చేసే బడి పెట్టిపిచ్చిండు, గోండీల వాచకాలు తెచ్చిండు. ఆయన భార్య ఎలిజబెత్ సమాధి ఇప్పటికి మార్లవాయిల ఉన్నది, నువ్వు సూసినవు గదా. అడిగినోణ్ని గోండులు గట్ల గుండెల పెట్టుకున్నరు.

ఇగ రేడియో ముచ్చటకు అస్త. 1986 అక్టోబర్‌ల ఆదిలాబాద్‌ల ఆకాశవాణి స్టేషను పెట్టిన్రు. దేశం మొత్తం మీద లోకల్ రేడియో అని మొదలు నాగర్‌కోయిల్ల 1984ల పెట్టిన్రు, మనది దాని ఎనుకనే. వరంగల్, నిజామాబాద్‌కు 1990ల గని రాలే. మన అడవి జిల్లాకు అంత ముందుగాల అచ్చింది! జిల్లా మనుషుల మాట జిల్లా మనుషులకే ఇనిపియ్యాలె, స్టూడియోల కూసునే బదులు జీపు ఏసుకొని ఊర్లకు పోవాలె, గదీ దాని పద్ధతి. గోండీల కార్యక్రమం మొదలువెట్టిన్రు. మొదటిసారి పెట్టెల గోండీ ఇనవడ్డనాడు మా గూడెంల ఆడోళ్లు పొయ్యి కాడికెళ్లి లేచి అచ్చి నిలవడ్డరు.

ఒకసారి జీపు మా గూడేనికి అచ్చింది. అక్కడ ఒక ముసలి పర్ధాన్ ఉండె. గోండోళ్ల దేవుళ్ల కథలు చెప్పేది పర్ధాన్లే, తాత తండ్రుల కాలం కెళ్లి వాళ్లదే ఆ పని. చేతిల కీక్రి, మూడు తీగలది, గుర్రం ఎంటికల కమాను తోటి వాయిస్తరు. రేడియో ఆయన చిన్న రికార్డరు తీసి చాప మీద పెట్టిండు. నేను నడుమల కూసున్న. ముసలాయన ఆ మిషన్ దిక్కు సూసి, దీంట్ల ఎంతసేపు పడుతది అని అడిగిండు. రీలు ఒకటి ఇరవై నిమిషాలు అన్నరు. ‘ఇరవై నిమిషాలకు మా దేవుడు పుట్టనే పుట్టడు’ అన్నడాయన. నిజమే చెప్పిండు. గుహల మూసిపెట్టిన దేవుళ్లను పహండి కుపార్ లింగాల్ ఇడిపిచ్చిన కథ ఒక రాత్రిల ఒడిసేది గాదు.

ఇంకొకడైతే సరే ఒక పాట పాడు పెద్దాయినా అనేటోడు. ఈయన అట్లనలే. మిషన్ బంద్ చేసి పక్కకు పెట్టిండు. గోండీలనే అడిగిండు, మీరు ఎన్ని దేవుళ్ల సగకు చెప్తరు అని. గోండులల్ల నాలుగు దేవుళ్లోళ్లు, ఐదు దేవుళ్లోళ్లు, ఆరు, ఏడు అని ఉంటరు. ఎవరు ఎవరికి పాలోళ్లు, ఎవరు ఎవరికి పిల్లనియ్యాలె అన్నది అంత దాని మీదనే. ఆ ఒక్క ప్రశ్నకు ముసలాయన నిటారుగ కూసున్నడు. ఇతనికి తెలుసు, ఇతనితోని మాట్లాడచ్చు అని ఆయనకు అనిపించింది. మిషన్ మళ్ల పెట్టిన్రు. ఈ కథ నీకు ఎవరు నేర్పిన్రు అని అడిగిండు. ముసలాయన ఆగిండు. రీలు తిరుగుతనే ఉన్నది. ఉన్నవే మూడు రీళ్లు. నాకు పానం కొట్టుకుంటున్నది, ఏదన్న అడగరాదా అని. రేడియో ఆయన కదల్లే. కన్ను మలపలే. శాన సేపయినంక ముసలాయన చెప్పిండు. వాళ్ల నాయిన సచ్చిపోయే ముందు రాత్రి కీక్రి చేతిల పెట్టి, తప్పు చెప్తే దేవుడు తొవ్వ తప్పుతడు అన్నడట. ఆ మాట ఆయన కొడుకులకు సుత తెల్వది. అప్పటిదాక ఎవరు అడగలేదు మరి.

రేడియోల అది అచ్చిననాడు గూడెమంత ఒక్క పెట్టె సుట్టు కూసున్నది. మా బడి పిలగాడు ఒకడు తెల్లారి అడిగిండు నన్ను, ‘సారూ, రేడియోల గోండీ మాట్లాడుతున్నరు, మరి పుస్తకంల ఎందుకు లేదు?’ అని. పండితుడంటే ఎవరో ఆ పిలగానికి అప్పటికే అర్థమైంది. నార్నూరు దిక్కు గుంజాల ఊర్లె పాత గోండీ లిపి పుస్తకాలు ఉన్నయన్న సంగతి దునియకు తెలిసింది మస్తు ఏండ్లకు. 2018ల ఆ లిపి కంప్యూటర్లకు సుత ఎక్కింది. ఆ పిలగాడు ఇప్పుడు ఉంటే తప్పక సంబురపడేటోడు.

ఇదే ఆదిలాబాద్ల సామల సదాశివ సారు ఉండె. దహెగాం దిక్కు తెనుగుపల్లెల పుట్టినాయన. ఉర్దూ, ఫారసీ, మరాఠీ, హిందూస్తానీ సంగీతం, ఏది అడిగినా చెప్పేటోడు. ఆయన ‘యాది’ పుస్తకం సదివినోళ్లకు తెలుస్తది, ఒక గజల్ కాడ మొదలైతది, ఆ గజల్ పాడిన మనిషి కాడికి పోతది, ఆ మనిషి ఉన్న ఊరికి పోతది, మళ్ల ఎక్కడ మొదలైందో అక్కడికే అస్తది. పండితుడు ముచ్చట పెట్టినట్టు రాస్తే ఎట్లుంటదో అట్లుంటది. ‘స్వరలయలు’ పుస్తకానికి 2011ల సాహిత్య అకాడమీ ఇచ్చిన్రు, తెల్లారి ఏడాదే పోయిండు. మా అవ్వ అడిగిన మాటకు జవాబు ఆయన. మనలెక్క మాట్లాడుకుంటనే దేశం మెచ్చే పండితుడు కావచ్చు. ఆమె ఆ నాటికి లేకపాయె.

నాకు ఇప్పటికి కడుపుల మండేది ఒకటున్నది. ఆ రోజులల్ల టేపుకు కరువు. రీళ్లు పైసలు పెట్టి తెప్పిచ్చుకునేవి. ఒకసారి ప్రసారమైనంక దాని మీదనే ఇంకోటి రికార్డు చేసుడు మామూలు. దేశమంత అంతే, ఒక్క మన దిక్కే గాదు. ఎంతమంది రచయితలు, ఎంతమంది పాటగాళ్లు, ఎంతమంది వైద్యం తెలిసిన ముసలోళ్లు మాట్లాడిన్రో, వాళ్ల మీద ఎవుసం ముచ్చట్లు ఎక్కినయి, వాటి మీద ఇంకేందో ఎక్కింది. మా పర్ధాన్ పెద్దాయన గొంతు గూడ ఏడున్నదో! ఆయన పోయిండు. మూడు రీళ్లల్ల చెప్పింది ఎంత, చెప్పకుంట మిగిలింది ఎంత.

నీకు ఆ కరువు లేదు. ఆ ఫోన్ల రాత్రంత చెప్పినా పడుతదంటివి గదా. మరి నువ్వు ఎందుకు అరగంటకే అయ్యగొడుతున్నవు? ఇనేటోళ్లు ఇనరు అని నువ్వనుకుంటున్నవు. బీడీలు చేసుకుంట మా వాడకట్టు ఆడోళ్లు ఇన్నరు బిడ్డా, అక్షరం రానోళ్లు. ఇనేటోళ్లను తక్కువ అనుకోవద్దు.

హైద్రాబాద్ కెళ్లి పెద్దోళ్లను పిలుస్తున్నవు, పిలువు, మంచిదే. గని రేపటి జాతరకు కెస్లాపూర్ పోతున్నం గదా. మెస్రం వంశపోళ్లు గోదావరి నీళ్లు తెచ్చి మర్రిచెట్ల కింద దిగుతరు. వాళ్లల్ల కాలినడకన ఆ నీళ్లు మోసినోళ్లు పెద్దోళ్లు ఉంటరు. కీక్రి వాయించెటోళ్లు ఇంక ఒకరిద్దరు అస్తరు. ఫోను మంచిగ ఛార్జి చేసుకో, ఆ పెద్ద బ్యాటరీ డబ్బ గూడ పట్టుకో. మొదలు తిన్నరా, ఎంత దూరం నడిచిన్రు అని అడుగు. పేరు అడిగినంక సగ అడుగు. పాట అడగకు, వాళ్లే పాడుతరు. నీకు తెల్వని మాట అస్తే నా దిక్కు సూడు, నేను గోండీల అడుగుత. ఆయన ఆగితే నువ్వు ఆగు. ఎంతసేపైనా సరే.